తీజ్ బుట్ట కింద కాగితం

మా హేమ్లా భియా మీద ఉన్నంత కోపం నాకు ఇంకెవరి మీదా లేదు. భియా అంటే మా సుగాలీల మాటలో అన్న. చిన్నప్పుడు నన్ను భుజాన వేసుకుని మేకల వెంట తిప్పినవాడు. పరాయివాడయితే ఎప్పుడో మరిచిపోయి ఉండేదాన్ని.

మా తండాలో పదో తరగతి దాటిన మొదటివాడు ఆయనే. అనంతపురంలో ఒక ఆఫీసులో గుమాస్తా అయ్యాడు. ఆయన జీతం మాకేమీ అక్కర్లేదు. మా తరఫున మాట్లాడే నోరు ఒకటి టౌన్లో ఉందని మా ధైర్యం.

ఎనభై నాలుగు నాటికి తండా బావి ఎండిపోయి రెండేళ్లు. గోరంట్ల దారిలో ఉన్న తోట బావి దాకా మూడు మైళ్లు నడిచి నీళ్లు తెచ్చుకునేవాళ్లం. ఆ కరువులోనే శ్రావణం వచ్చింది, తీజ్ వచ్చింది. పెళ్లికాని ఆడపిల్లలం పుట్టమన్నులో మేక ఎరువు కలిపి, బుట్టల్లో గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు పాటలు పాడుతూ నీళ్లు పోస్తాం. మొలక ఎంత ఏపుగా వస్తే ఆ పిల్లకు అంత మంచి మొగుడట. తొమ్మిదో రోజు దాకా బుట్ట పొలిమేర దాటకూడదు. ఆ రోజు మొలకలు పీకి, ఏడుపు పాట పాడుతూ అన్నదమ్ముల తలపాగల్లో చెక్కుతాం. బుట్టలు నీళ్లలో వదిలేదాకా తలపాగలో పెట్టింది తీయకూడదు.

ఆ ఏడు తాగే నీళ్లలో సగం బుట్టలకే పోశాం. మా అమ్మ స్నానం మానుకుంది. నా బుట్ట అందరికంటే పచ్చగా లేచింది.

అయిదో రోజు భియా వచ్చాడు.

"టౌన్లో గిరిజన సంబరాలు చేస్తాండారు. ఎల్లుండి మా ఆఫీసు పెద్ద సారు వస్తాడు. మన పిల్లోళ్లు తీజ్ బుట్టలు నెత్తిన పెట్టుకోనొచ్చి ఆడల్ల. ఆయప్ప సంతోషంగా ఉన్నప్పుడే బోరు అర్జీ చేతికిస్తా" అన్నాడు.

తండా పెద్ద సోమ్లా నాయక్ ఒప్పుకోలేదు. "ఏడో దినానికే బుట్టలు పొలిమేర దాటిస్తే ఎట్లప్పా? మేరామా తల్లి ఊరుకుంటాదా?"

"తల్లికి నేను మొక్కుకుంటాలే తాతా. బోరు పడితే మళ్లీ ఏడు కడవ మోసే పనే ఉండదు."

కడవ మోసే పనే ఉండదన్న మాటకు మా ఆడవాళ్లంతా పడిపోయాం. భియా అక్కడే కూర్చుని అర్జీ రాసి, రెండుసార్లు చదివి వినిపించాడు. తండా తండా అంతా వేలిముద్రలు వేసింది. అన్నిటికంటే కింద నాది. కొడవలితో తెగి నా బొటనవేలికి అడ్డంగా మచ్చ ఉంది. ముద్రలో కూడా ఆ గీత తెల్లగా పడింది.

లారీ ఎక్కి అనంతపురం పోయాం. షామియానాలు, మైకు, కుర్చీల నిండా జనం. బుట్టలు నెత్తిన పెట్టుకుని ఆడాం. చప్పట్లు బాగానే కొట్టారు. అయ్యాక భియా నా బుట్టను పెద్ద సారు ముందున్న బల్ల మీద పెట్టబోయాడు. అడుగున బురద నీళ్లు కారుతున్నాయి, బల్ల మీద తెల్లటి గుడ్డ. గబగబా సంచిలోంచి ఒక కాగితం లాగి, బల్ల మీద పరిచి, దాని మీద బుట్ట పెట్టాడు.

పెద్ద సారు మొలకల మీద చెయ్యి వేసి నిమిరాడు. "కరువు కరువు అంటారు, ఇంత పచ్చగా ఉందే. మీ తండాలో నీళ్లకు ఇబ్బంది లేనట్టుందే?"

నేను భియా వైపు చూశాను. ఇప్పుడు చెబుతాడు, మూడు మైళ్ల సంగతి చెబుతాడు అనుకున్నాను.

"ఏమీ ఇబ్బంది లేదు సార్. మా వాళ్లు సంతోషంగా ఉన్నారు సార్" అన్నాడు. మా భియా నోట టౌను మాట అంత నున్నగా వస్తుందని అప్పటిదాకా నాకు తెలియదు. అంతటితో ఆగలేదు. నా బుట్టలోంచి గుప్పెడు మొలకలు పీకి సారు జేబులో చెక్కాడు. ఏడో రోజున, ఒక్క ఆడపిల్ల ఏడవకుండా.

తిరిగి వచ్చేటప్పుడు బుట్ట ఎత్తితే కాగితం అడుగున అంటుకుని వచ్చింది. నాకు చదువు రాదు. కానీ చివరన తెల్లటి గీతతో ఉన్న వేలిముద్ర ఎవరిదో నాకు ఒకరు చెప్పాలా? కాగితం మడిచి నడుములో దోపుకున్నాను.

లారీ దగ్గర అడిగాను. "అర్జీ ఇచ్చినావా భియా?"

"ఇచ్చినాలే. సారు జేబులోనే పెట్టుకున్నాడు" అన్నాడు. నా కళ్లలోకి చూసే అన్నాడు.

రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. బోరు నీళ్లు నిల్వ చేసుకోవాలని మా అమ్మ పాత కడవల చిల్లులకు మాట్లు వేయిస్తానంటుంటే నోరు మూసుకుని కూర్చున్నాను.

తొమ్మిదో రోజు భియా కొత్త తువ్వాలు తలకు చుట్టుకుని వచ్చి, మగవాళ్ల వరసలో మొదట కూర్చున్నాడు. ఆడపిల్లలు ఏడుపు పాట ఎత్తుకున్నారు. నా వంతు వచ్చింది. భియా తల వంచాడు. నడుములోంచి కాగితం తీసి, ముద్రలు బయటికి కనబడేలా ఆయన తలపాగలో చెక్కాను.

సోమ్లా నాయక్ దగ్గరికి వచ్చి వంగి చూశాడు. బురద ఎండిన కాగితం మీద మొదటి వేలిముద్ర ఆయనదే.

"ఇది మన అర్జీ కదప్పా" అన్నాడు.

పాట ఆగిపోయింది. "నౌకరీ ఇంకా ఖాయం కాలేదు తాతా" అన్నాడు భియా. ఎవరూ తిట్టలేదు. నాకు మాత్రం ఏడుపు వచ్చింది. పాట రాలేదు.

కాసేపటికి భియా చెయ్యి తలపాగ వైపు పోయింది.

"తియ్యగూడదు. బుట్టలు ఇంకా నీళ్లలో వదల్లేదు" అన్నాడు సోమ్లా నాయక్.

తండాలో నీళ్లెక్కడివి? బుట్టలు ఎత్తుకుని తోట బావికి బయలుదేరాం. మూడు మైళ్లూ భియా మా వెనకే నడిచాడు, అర్జీ నెత్తిన పెట్టుకుని.