ఒడ్డున కట్టేసిన రబ్బరు పడవ

సెల్విన్ రబ్బరు పడవను జెట్టీ నిచ్చెనకు కట్టాడు. రోజూ వేసే ముడి మీద ఇంకో ముడి, దాని మీద మరొకటి వేశాడు. గ్యాస్ బండ భుజానికెత్తుకుని, బట్టల సంచి చంకన పెట్టుకుని పైకెక్కేసరికి మోకాళ్లు కలుక్కుమన్నాయి. సువా రేవులో ఎప్పటిలాగే సన్నగా వాన పడుతోంది.

జెట్టీ కాపలాదారు అపిసాయ్ రేకుల పందిరి కింద వల బాగుచేసుకుంటున్నాడు.

"ఏం కెప్టెన్, అమ్మగారి ప్రయాణం ఇవాళేగా? అన్ని ముళ్లెందుకు, పడవేమైనా పారిపోతుందా?"

"గాలి వచ్చేలా ఉంది," అన్నాడు సెల్విన్. గాలి ఊసే లేదు.

సంగతేమిటంటే, సాయంత్రం విమానానికి అతని భార్య నోలీన్ న్యూజిలాండ్ వెళ్లిపోతోంది. చుట్టపుచూపుగా కాదు, మళ్లీ రాకుండా. బస్ డిపోలో మెకానిక్‌గా రిటైరైన ఏడాదే సెల్విన్ ఇల్లమ్మి తెరచాప పడవ కొన్నాడు. నోలీన్ కాదనలేదు. కాదనకపోవడాన్ని సరేననడం కింద జమ వేసుకున్నాడు మహానుభావుడు. దేశాలు తిరిగే జీవితమంటే ఏమో అనుకుంటారు ఊళ్లో జనం. ఏ రేవుకెళ్లినా గ్యాసెక్కడ నింపుతారు, బట్టలెక్కడ ఉతుకుతారు, బీపీ మాత్రలు ఏ షాపులో దొరుకుతాయి, ఇదే వెతుకులాట. ఊరు తెలిసేలోగా లంగరెత్తేయాలి. పోయిన వారం రొట్టె కోస్తూ కోస్తూ నోలీన్ కత్తి కింద పెట్టింది.

"ఇంక నావల్ల కాదు సెల్విన్. వస్తే ఇద్దరం పోదాం. రాకపోతే నన్ను జెట్టీ దాకా దింపు, చాలు."

పోదామంటే ఎక్కడికి? ఇల్లు లేదు, డిపో లేదు, ఈ పడవ తప్ప అతనికి దిక్కు లేదు. ఆమె లేకపోతే పడవా లేనట్టే. ఆ మాట ఆమెతో చెప్పుకోలేకపోయాడు. రేవు నడుమ లంగరు వేసిన పడవలోంచి ఒడ్డుకు రావాలంటే ఈ రబ్బరు పడవ ఒక్కటే దారి. అది తన దగ్గరుంటే ఆమె కదల్లేదు, విమానం దానంతటది పోతుంది. ఇంత దిక్కుమాలిన ఆలోచన తన జన్మలో చేయలేదని అతనికీ తెలుసు. అయినా పొద్దున్నే, "గ్యాస్ నింపించుకుని చిటికెలో వస్తా," అని దిగిపోయాడు.

గ్యాస్ షాపు సతేంద్ బండ ఎత్తి చూసి నవ్వాడు.

"సగం పైనే ఉంది కదా భయ్యా. ఏం నింపమంటారు?"

"పట్టినంత నింపు. తొందరేం లేదు, నెమ్మదిగానే."

"తొందర లేని బేరాన్ని ఇవాళే చూశా. కూర్చోండి, కూర్చోండి."

ఎంతసేపని కూర్చుంటాడు? బండను అక్కడే ఉంచి బట్టలుతికే షాపుకెళ్లాడు. షాపు నడిపే వసితి సంచి బోర్లించి ఒక నీలం జాకెట్టు పైకెత్తింది.

"ఇది ఉతికిందే కదా కెప్టెన్! ఇస్త్రీ మడత కూడా చెదరలేదు."

ప్రయాణానికని నోలీన్ తీసి పెట్టుకున్న జాకెట్టు అది.

"మళ్లీ ఉతుకు," అన్నాడు.

వసితి అతని మొహం చూసింది. మిషన్ మూత వేసి, నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఓహో, అలాగా! మా ఆయనా ఇంతే. నేను పుట్టింటికి పోతానంటే చాలు, నా చెప్పులు దాచేస్తాడు."

"అప్పుడు నువ్వేం చేస్తావు?"

"ఏం చేస్తా? ఒట్టికాళ్లతో పోతా."

పకపకా నవ్విందావిడ. సెల్విన్‌కు నవ్వు రాలేదు.

మార్కెట్ వెనక సముద్రపు గోడ దగ్గరికి వచ్చాక చూడకూడదనుకుంటూనే రేవు వైపు చూశాడు. పడవ కమ్మీ మీద ఎర్ర తువ్వాలు వేలాడుతోంది. 'వచ్చి నన్ను తీసుకెళ్లు' అని దానర్థం. ఇన్నేళ్లలో ఏ రేవులోనైనా ఆ తువ్వాలు కనపడితే చేతిలో పని అక్కడే పడేసి పరిగెత్తేవాడు. ఇప్పుడు వీపు తిప్పుకున్నాడు. తిప్పుకుని, అక్కర్లేని వంకాయలు బేరమాడాడు. వంకాయలామె అతను అడిగిన ధరకే ఇచ్చేసేసరికి ఇంక బేరమాడటానికీ ఏమీ మిగల్లేదు. బస్టాండు బెంచీ మీద కూలబడ్డాడు. ఎదురుగా ఒక బస్సు ఇంజన్ దగ్గుతూ ఆగిపోయింది, డ్రైవరు తిట్టుకుంటూ దిగాడు. ఇంకో రోజైతే లేచి వెళ్లి మూత ఎత్తేవాడే. ఇవాళ కాళ్లు లేవలేదు.

నోలీన్ ఒంటరిగా డెక్ మీద వానలో కూర్చుని ఉంటుంది. మాట తప్పని మనిషి అనుకుని కట్టుకుంది తనని. "ఛీ, ఏం పనిరా ఇది!" అని పైకే అనేశాడు. పక్కన కూర్చున్న ముసలాయన ఉలిక్కిపడ్డాడు. సెల్విన్ లేచాడు. వంకాయలు అక్కడే, బట్టలు వసితి దగ్గరే, గ్యాస్ బండ సతేంద్ దగ్గరే. వానలో పడి జెట్టీ దాకా రొప్పుతూ వచ్చేసరికి పొద్దు వాలింది.

అపిసాయ్ లేచి నిలబడ్డాడు. ఈసారి ఎగతాళి చేయలేదు.

"అమ్మగారు వెళ్లిపోయారు కెప్టెన్. నా పడవలోనే దించాను."

"ఎప్పుడు?"

"మధ్యాహ్నం. రెండుసార్లు వెళ్లి అడిగా, దింపనా అమ్మా అని. ససేమిరా అన్నారు. 'ఆయన వస్తాడు, ఆయనే దింపుతాడు,' అన్నారు. మూడోసారి ఏమీ అనకుండా పెట్టె అందించారు."

"నాకేమైనా చెప్పమందా?"

అపిసాయ్ తల అడ్డంగా ఊపాడు.

"మార్కెట్ రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డారు. చాలాసేపు. టాక్సీవాడు హారన్ కొట్టాక ఎక్కారు." ఆగి, మెల్లగా అన్నాడు. "ఇప్పుడు పరిగెత్తినా లాభం లేదు. ఇందాకే పోయింది విమానం, కొండల మీంచి."

ఒక్క వీడ్కోలు అడిగింది మనిషి. అదీ దొంగిలించాడు. ఎవరి మీద ఏడవాలో తెలియక సెల్విన్ ముళ్ల దగ్గర కూర్చున్నాడు. తడిసిన తాడు గోళ్లకు లొంగలేదు. చివరికి అపిసాయే వచ్చి విప్పిపెట్టాడు.

తెరచాప పడవకు చేరేసరికి లోపలంతా తుడిచి ఉంది. పక్క దులిపి మడత పెట్టి ఉంది. అరలో ఆమె వైపు ఖాళీ. అతను దీపం వేయకుండా మెట్ల మీద కూర్చుని చాలాసేపు ఏడ్చాడు.

తలుపు పక్క కొక్కేనికి, రాత్రిళ్లు డెక్ మీద కాపలాకు ఆమె వేసుకునే పసుపు వానకోటు వేలాడుతోంది. చేతులు పొడుగయ్యాయని ఆమె పైకి మడిచిన రెండేసి మడతలు అలాగే ఉన్నాయి.