ఆరంగుళాలు పెరిగిన బండి

మా నాన్న అడిగింది ఒక్కటే. వానలు పడేలోపు తన పాత ట్రక్కులో ఒక్కసారి కొండ మీదికి వెళ్లిరావాలని. ఆయన ఇరవై ఆరేళ్లు వాననీ గాలినీ కొలిచి రాసిన వాతావరణ కేంద్రం అక్కడే ఉంది. ఈ వానాకాలం పోగానే దాన్ని కూల్చేస్తారట. తొలి వాన పడిందంటే ఆ మట్టిదారి నాలుగు నెలలు మూతే. ఆ దారి ఎక్కగలిగేది ఆ ట్రక్కు ఒక్కటే. ఆఫీసువాళ్లు పనికిరాదని పక్కన పడేస్తే నాన్న ముచ్చటపడి కొనుక్కున్నాడు.

"అదెంత పని మామయ్యగారూ! నాకొదిలేయండి," అన్నాడు మా ఆయన. మా ఆయనకు వదిలేసిన మిక్సీ మూడేళ్లుగా అటక మీద ఏ ముక్కకాముక్కగా ఉంది.

నిజానికి బండికి పెద్ద జబ్బేమీ లేదు. పెట్రోలు ఇంజిన్ పొద్దున్నే కాస్త దగ్గేది, అంతే. కార్బొరేటర్ శుభ్రం చేస్తే చాలని మెకానిక్ కూడా అన్నాడు. కానీ మా ఆయన అప్పటికే ఫోన్లో నలభై వీడియోలు చూసి సగం ఇంజనీరై కూర్చున్నాడు. "మామయ్యగారి స్థాయికి డీజిల్ ఇంజిన్ ఉండాలయ్యా," అని తేల్చేశాడు. మెకానిక్ కళ్లు మెరిశాయి. పనంటే ఎవరికి చేదు? ముందు నాన్నని తీసుకెళ్లి రండి, తర్వాత మీ సరదా తీర్చుకోండి అని నేను నెత్తీ నోరూ కొట్టుకున్నాను. ఎవరూ చెవిన పెట్టలేదు.

డీజిల్ ఇంజిన్ వచ్చింది. అది పాత గేర్‌బాక్సుతో కలవనంది. మధ్యలో ఇనప పలక చేయించారు. అప్పుడు రేడియేటర్ చాల్లేదు. పెద్దది పెట్టారు. ఇంత బరువు మోయలేక ముందువైపు కమాన్ పట్టీలు చతికిలబడి, బండి ముక్కు నేలకు వంగింది. "అయితే పట్టీలూ మార్చేద్దాం!" అన్నాడు మా ఆయన, లాటరీ తగిలినంత సంబరంగా. కొత్త కమాన్లు, పొడుగు షాక్ అబ్జార్బర్లు, వాటికి తగ్గ టైర్లు. ఇద్దరూ బండికింద పడుకుని కొలిచిందే కొలిచారు.

నాన్న రోజూ మెకానిక్ షెడ్డు ముందు కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఒకరోజు ఆకాశం వంక చూసి, "అల్లుడూ, గాలి తిరిగింది. నాలుగు రోజుల్లో వాన పడుతుంది," అన్నాడు.

మా ఆయన ఫోను తీశాడు. "ఇంకా పది రోజుల దాకా లేదట మామయ్యగారూ."

జన్మంతా మబ్బులు చూసిన మనిషికి ఫోను చూసి వాన సంగతి చెప్పడం! నాకు ఒళ్లు మండిపోయింది.

మూడో రోజు పొద్దున బండి సిద్ధమైంది. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల నున్నగా దువ్వుకుని వచ్చాడు. తలుపు తీసి కాలెత్తాడు. కాలు సగం దాకా లేచి ఆగిపోయింది. రెండో కాలు ఎత్తి చూశాడు. అదీ అంతే. బండి ఆరంగుళాలు పెరిగింది మరి.

స్టూలు వేస్తే ఊగింది. మా ఆయనా మెకానిక్కూ చెరో చెయ్యీ వేసి ఎత్తబోయారు.

"వదలండి," అన్నాడు నాన్న. "ఈ బండి నేను నడిపాను. సామానులా నన్నెక్కించకండి."

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. బండిలో ప్రతి సందూ కొలిచారే, ఎదురుగా కూర్చున్న మనిషి మోకాళ్లు వీళ్ల కళ్లకు ఆనలేదా? మా ఆయన తల దించుకున్నాడు.

"మెట్టు అతికిద్దాం సార్, రేపు మధ్యాహ్నానికల్లా," అన్నాడు మెకానిక్.

మర్నాడు మధ్యాహ్నం మా ఆయన చెమటలు కక్కుతూ బండికింద మెట్టుకు బోల్టులు బిగిస్తున్నాడు. "అయిపోవచ్చింది మామయ్యగారూ, ఇంకో అరగంట!" అని కిందనుంచే అరిచాడు. షెడ్డు రేకుల మీద చినుకులు టపటపమన్నాయి. చూస్తుండగానే జోరందుకుంది.

నాన్న కుర్చీ లోపలికి జరుపుకున్నాడు.

"నిదానంగా చెయ్యి అల్లుడూ," అన్నాడు. "ఇంక తొందరేం లేదు."