తాళానికి పట్టని బిరుదు

చాప కింద చేరాక ఫిలెమోనికి మొదట తెలిసింది, పొద్దున తాగిన కోకో వాసన ఇంకా తన ఊపిరిలోనే ఉందని.

"వంగి కూర్చో," చాప బయట నిలబడ్డ పెద్దమ్మ మోయెలాగి గొణిగింది. "స్టేజీ మీద ఉన్నట్టు ఆ నిక్కుడేమిట్రా?"

"మోకాళ్లు పెద్దమ్మా! మనిషిని చంపినవాడు కూర్చునే తీరు కదా ఇది. నేనెవర్ని చంపాను?"

"లెయావాసేలాగిని. పాటలోంచి లేపేశావుగా."

ఆక్లాండ్‌లో బస్సు షెడ్డు కింద మొదలుపెట్టి, ఒక చరణం ఇంగ్లీషులో, ఒకటి సమోవా భాషలో చెబుతూ పదేళ్లలో పెద్ద వేదికల దాకా వచ్చాడు ఫిలెమోని. ఇంగ్లీషులో గొప్పలు చెప్పుకునేవాడు; సొంత భాషలో అమ్మకు క్షమాపణలు చెప్పుకునేవాడు. కొత్త పాటలో, సమోవాలో తను పుట్టిన ఊరిని తలుచుకున్నాడు. ఊరి సభలో ఎవరు నోరు విప్పినా ముందు పెద్దల బిరుదులన్నీ వరసగా పలకాలి. ఆ వరసే పల్లవి చేశాడు. పెళ్లిళ్లలో, రగ్బీ మైదానాల్లో మోగిపోయింది. సొంతూళ్లో మాత్రం జనం వేళ్లు మడిచి లెక్కపెట్టారు. ఐదు ఉండాల్సినచోట నాలుగే. లెయావాసేలాగి బిరుదున్న పెద్దాయన రెండు ఆదివారాలుగా చర్చికి రావడం లేదు.

అందుకే ఆయన ఇంటి ముందు ఈ చాప. పెద్దాయన వచ్చి తీస్తే క్షమించినట్టు. తీయకపోతే శనివారం ఊళ్లో కచేరీ లేదు. దాన్ని ఎలాగో దిగమింగొచ్చు. ఈ ఊరి మాటల్లో మళ్లీ పాట కట్టే ముఖం ఉండదే, అదీ భయం.

ఎండెక్కింది. ఎవరో ఆడవాళ్లు దారెంట పోతున్నారు.

"ఎవరే అది, చాప కింద?"

"మన రేడియో."

"కట్టేశారా? పోన్లే, కాసేపు చెవులకు హాయి."

బిరుదు పొడుగు, తాళానికి పట్టలేదు. అందరికీ అదే చెప్పాడు. చాప కింద తనొక్కడే, ఆ మాట తనకే చెప్పుకుంటే నమ్మబుద్ధి కాలేదు. అప్పుడు తనకు పదకొండేళ్లు, ఆక్లాండ్ నుంచి సెలవులకు వచ్చాడు. పిల్లల పండగ ఆదివారం, తెల్లబట్టలు. బైబిల్ వాక్యం ఒప్పజెబుతూ సగంలో మరిచిపోయి మిగతాది ఇంగ్లీషులో లాగించేశాడు. ముందు బెంచీలో ఈ పెద్దాయన పొట్ట ఊగేలా నవ్వాడు. ఆ నవ్వు ఇరవై ఏళ్లుగా లోపల ఎక్కడో కూర్చునే ఉంది. స్టూడియోలో ఆ పేరు రాగానే చెయ్యి దానంతటదే కొట్టేసింది. తాళం ఉత్త సాకు.

చాప ఒక అంచు లేచింది. వెలుతురు, రెండు పాదాలు, ఒక బొటనవేలికి కట్టు.

"ఎందుకు వదిలేశావురా?"

'పొడుగండీ' అన్న మాట నాలుక చివరే ఉంది.

"మీరు నవ్వారు," అన్నాడు ఫిలెమోని. "చర్చిలో. నేను వాక్యం ఇంగ్లీషులో పూర్తి చేసినప్పుడు."

పెద్దమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది.

"ఓహో! ఆ బుడతడివి నువ్వేనా?" పెద్దాయన నేల మీద చతికిలబడ్డాడు. "ఇంటికెళ్లాక కూడా నవ్వుకున్నాను. దేవుడి ముందే ఎంత ధైర్యం అనుకున్నా."

"వెక్కిరించలేదా?"

"అదీ కొంచెం ఉంది. సరే, పాడు. ఐదూ ఉండాలి."

ఫిలెమోని అందుకున్నాడు. పెద్దాయన తొడ మీద తాళం వేశాడు. నాలుగు బిరుదులూ చక్కగా ఇమిడాయి. ఐదోది పొంగి పొర్లింది. పెద్దాయన చెయ్యి గాల్లోనే ఆగి, ఆఖరి అక్షరం పలికేదాకా ఉండి, అప్పుడు దిగింది.

"పట్టడం లేదు," అన్నాడు ఫిలెమోని.

"చూశాగా. శనివారం ఆ వాయించేవాళ్లకు చెప్పు, అక్కడ నాకోసం కాస్త ఆగమని."

అని చాప మొత్తం లాగేశాడు. ఫిలెమోని లేవబోయి, కాళ్లు తిమ్మిరెక్కి, ఆయన మీదే పడ్డాడు.