ఆల్డర్ కౌంటీ వంతు

లైమన్ ప్రూయెట్ వాషింగ్టన్ నుంచి ఇల్లు చేరి నాలుగు రోజులు కాలేదు, హైరమ్ స్టోక్స్ వచ్చి వంటింట్లో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పిండిమిల్లు అతనిదే, పార్టీ పెత్తనమూ అతనిదే.

"లాయరుగారూ, కాంగ్రెసు సభకి ఇంకోసారి నిలబడండి. మిగతాది నేను చూసుకుంటా."

"ఈసారి ఆల్డర్ కౌంటీ వంతు కదయ్యా."

మూడు కౌంటీలకీ కలిపి ఒకటే సీటు. ఒక్కో కౌంటీ మనిషి రెండేళ్ళు కూర్చుని తరవాతి కౌంటీకి వదిలేస్తాడు. ఇరవై ఏళ్ళుగా ఇదే పద్ధతి.

"ఎక్కడ రాసుంది? వాళ్ళ మనిషి ఆ థాడియస్ క్రేన్‌కి నోరు తిరగదు, వాడా మన తరఫున మాట్లాడేది? మీరైనా చెప్పండమ్మా!"

చిక్కుళ్ళు ఒలుస్తున్న లైమన్ భార్య అడీలియా చెయ్యి ఆగింది. వాషింగ్టన్లో రెండేళ్ళూ వాళ్ళు అద్దెగదిలో ఉన్నారు. వంట లేదు, కోళ్ళు లేవు. పగలు సభ గ్యాలరీలో కూర్చుని ఉపన్యాసాలు వినేది, సాయంత్రం భర్తతో వాదించేది. పద్దెనిమిదేళ్ళ కాపురంలో ఆయన ఆమె మాట చెవిన పెట్టింది అక్కడే.

"కాగితం లేదు కదండీ," అంది మెల్లగా. "నాకూ వెళ్ళాలనే ఉంది."

లైమన్ ఆమెవైపు తిరిగాడు.

"కాగితమే ఉంటే ఏదో లొసుగు పట్టుకునేవాణ్ణి అడీలియా, నా వృత్తే అది. క్రేన్‌కి ఇచ్చింది నోటిమాట. దాన్ని ఎక్కడని పట్టుకుని తప్పించుకోను?"

హైరమ్ గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. ఆమె రెండు రోజులు ముభావంగానే ఉంది. పార్టీ సభలో క్రేన్ పేరు లైమనే ప్రతిపాదించాడు.

నవంబరులో క్రేన్ గెలిచాడు. మరుసటి ఆదివారం భోజనానికి వచ్చి, టోపీ నలుపుకుంటూ అడిగాడు.

"అన్నా, ఆ ఉన్ని సుంకం గొడవ నాకు బుర్రకెక్కడం లేదు. కాస్త చెప్పవూ?"

"నాకేం తెలుసు? నేను సభలో కునుకు తీస్తుంటే గ్యాలరీలో కూర్చుని విన్నది ఈవిడ. నా ఉపన్యాసం సగం ఈవిడదే. అడుగు."

అడీలియా మొహం ఎర్రబడింది. "ఈయన మాటలకేం లెండి," అంటూనే ఏప్రన్ విప్పి కూర్చుంది. గొర్రెల రైతు దగ్గర మొదలుపెట్టింది, మగ్గాల యజమానుల దాకా వచ్చింది. పొయ్యిలో రొట్టె మాడుతున్న వాసన వస్తే లైమనే లేచి వెళ్ళాడు.

"ఆగకు, చెప్పు. ఇక్కడికి వినిపిస్తోంది," అన్నాడు పొయ్యి దగ్గర్నించి.