మే నెలలో క్రిస్మస్ పాట

ప్రార్థనకు వచ్చినవాళ్ల ముఖాన తలుపు వేసే ధైర్యం మా పేటలో ఎవరికీ లేదు. దాన్నే ఆసరా చేసుకుని చర్చి స్త్రీల సమాజంవాళ్లు ఒక ఉపాయం పన్నారు. ఏ ఇంట్లోనైనా మగవాడు భార్య మీద చెయ్యి చేసుకుంటున్నట్టు వినపడితే, విన్నవాళ్లు తమ అరుగెక్కి గట్టిగా పాట ఎత్తుకోవాలి. పక్కింటివాళ్లు అందుకోవాలి. అందరూ పాడుకుంటూ వెళ్లి ఆ ఇంట్లో ప్రార్థన పెట్టేయాలి. ఒక్కరే వెళితే మా ఇంటి గొడవ మీకెందుకంటారు. పేటంతా వచ్చి కూర్చుంటే ఏమంటారు?

ఉపాయం నాకు తెగ నచ్చింది. మా గోడ పక్కనే నిర్మలక్క ఉంటుందని అప్పుడు తట్టలేదు. నేను చర్చిలో పాడేవాళ్లతో నిలబడతాను గానీ, పెదాలు కదపడమే తప్ప గొంతు బయటికి రాదు. బడిలో హాజరు పలకడానికే నాకు చెమటలు పడతాయి.

ఒక సాయంత్రం అమ్మానాన్నా రాజోలు వెళ్లారు. నేను వాకిలి ఊడుస్తుంటే పక్కింట్లో నిర్మలక్క మొగుడు అభిలాష్ బావ గొంతు లేచింది. గిన్నె పడింది. తర్వాత చెంప మీద కొట్టిన చప్పుడు. నిర్మలక్క వద్దు వద్దంటోంది.

చీపురుతోనే అరుగెక్కాను. నోరు తెరిస్తే ఒక్క పాటా గుర్తు రాలేదు. ఇంకో దెబ్బ వినపడింది. అప్పుడు నా గొంతులోంచి వచ్చిందల్లా పశువుల పాకలో బాలయేసు పుట్టాడనే పాట. మే నెల. ఎండకి కాకులు కూడా నోళ్లు తెరుచుకుని ఉన్నాయి.

మొదటి చరణం ఒక్కదాన్నే పాడాను. శ్రుతి పక్కూరు మామిడికుదురు దాటిపోయింది. ఎవరూ అందుకోలేదు. ఈ ఎండల్లో క్రిస్మస్ పాటేమిటి, ఎవరి ఫోనో మోగుతోందనుకున్నారట. రెండో చరణం మొదలెట్టబోతుంటే ఒక బొంగురు గొంతు అందుకుంది. అది ఆ ఇంట్లోంచే వచ్చింది. అభిలాష్ బావ తల్లి, ఎలీసమ్మ మామ్మగారు.

ఇక పేట ఆగలేదు. పాస్టరమ్మగారు కంజీర వాయిస్తూ వచ్చారు. గుడికెళ్లే వీరాయమ్మత్త పాట రాక గరిటెతో పళ్లెం వాయిస్తూ వచ్చింది. పిల్లలు కేకు పెడతారేమోనని పరుగెత్తుకొచ్చారు.

బావ గుమ్మంలో కొయ్యబారిపోయాడు. "ఇదేంటండీ, ఇప్పుడు క్రిస్మసేంటండీ?"

"ప్రార్థనకొచ్చేం బాబూ," అన్నారు పాస్టరమ్మగారు. "చాపలు పరుచు."

పరిచాడు. టీ పెట్టమని అక్కని పిలవబోతే, నువ్వే పెట్టు, పంచదార తగ్గించు అంది వీరాయమ్మత్త.

అక్క చెంప మీద వేళ్లు తేలి ఉన్నాయి. ఏం చేద్దామో నువ్వే చెప్పమ్మా అని పాస్టరమ్మగారు అందరి ముందూ ఆమెనే అడిగారు. పాట ఆగిపోయింది, నాది తప్ప. ఎలా ఆపాలో నాకు తెలియలేదు. చీపురు పట్టుకుని కళ్లు మూసుకుని పాడుతున్న నన్ను చూసి అక్క ఫక్కున నవ్వింది. నవ్వి, చిట్లిన పెదవి తుడుచుకుంది.

"స్టేషన్‌కెళ్దామండి. నేను చెప్తాను."

బావ తల్లి వైపు తిరిగాడు. "నువ్వైనా చెప్పమ్మా."

"ఆయ్, చెప్తాన్రా. చూసింది నేనే కదా. అక్కడికొచ్చే చెప్తాను," అని మామ్మగారు చెప్పులు వెతుక్కున్నారు.

బయట ఆటోలో పట్టినంతమంది ఎక్కారు. చోటు చాలక నన్ను అక్క ఒళ్లో కూర్చోబెట్టారు. అక్క వణుకుతోంది, నేనూ వణుకుతున్నాను. ఏ వణుకు ఎవరిదో తెలియక, గతుకు వచ్చినప్పుడల్లా ఇద్దరం నవ్వుతూనే ఉన్నాం.