గద్దాట క్యాసెట్టు

దుబాయ్ కరామాలోని తెలుగు ఆడవాళ్లు మంజులకి రెండు పేర్లు పెట్టారు. జాకెట్టు కుట్టించుకోవాల్సి వచ్చినప్పుడు టైలర్ మంజుల. కుట్టిన జాకెట్టు సంచిలో వేసుకుని మెట్లు దిగాక పాత సామాన్ల మంజుల. రెండో పేరు ఆమెదాకా రాలేదని వాళ్లనుకునేవారు. ఎప్పుడో వచ్చింది. ముప్పైకి దగ్గరపడ్డ ఆడమనిషి ప్రతి శుక్రవారం పొద్దున్నే మొగుణ్ణి లేపి, జుమేరాలో ఎవరి విల్లా ముందో అట్టపెట్టెల్లో తలదూర్చి పాత వీడియో గేముల కోసం వెతుకుతుంటే, జనం పెట్టగలిగిన పేర్లలో అదే కాస్త మర్యాదైనదని మంజులకే అనిపించేది.

ఆ పెట్టెల జాడ సూపర్ మార్కెట్ గోడల మీద దొరికేది. తెల్లవాళ్లు ఉద్యోగం ముగించుకుని పోయేముందు ‘దేశం విడిచి వెళ్తున్నాం, అన్నీ అమ్మేస్తున్నాం’ అని కాగితం అంటించేవారు. వాళ్లు పోతున్నారంటే మంజులకి పండగ. పాపం, ఎవరి కాంట్రాక్టు ఎందుకు తెగిందో ఆలోచించేంత తీరిక ఆమెకుండేది కాదు. ఫోన్ నంబరున్న చీటీముక్క చింపుకుని నేరుగా ప్రమోద్ ముందు పెట్టేది. ప్రమోద్ ఆమె భర్త, అల్ ఖూజ్‌లో ఒక వర్క్‌షాపులో ఎలక్ట్రికల్ ఫోర్‌మన్. వారమంతా కంపెనీ పికప్‌లో తిరిగేది చాలక, సెలవునాడు కూడా అదే పికప్‌లో పెళ్లాన్ని తిప్పేవాడు.

ఆమె వెతికేది ఒకే ఒక్క క్యాసెట్టు. ఎనభై తొమ్మిదిలో వాళ్ల నాయిన హన్మాండ్లు దుబాయ్ నుంచి జగిత్యాలకి సెలవు మీద వచ్చినప్పుడు ఒక వీడియో గేమ్ సెట్టు తెచ్చాడు. అందులో పసుపురంగు క్యాసెట్టు ఒకటుండేది. దాని మీద ఉన్నవి జపాన్ అక్షరాలో చైనా అక్షరాలో జగిత్యాలలో చెప్పగలిగినవాళ్లు లేరు. టీవీలో టోపీ పెట్టుకున్న కూలివాడొకడు మూట మోసుకుంటూ గుట్టలెక్కుతాడు, గుంతలు దూకుతాడు. పైనుంచి గద్ద రాళ్లు వేస్తుంటుంది. అందుకని పిల్లలిద్దరూ దాన్ని గద్దాట అన్నారు. అది ఎప్పుడో పాడైపోయినా, నాయిన కొన్నది దుబాయ్‌లోనే కాబట్టి ఇంకోటి కూడా ఈ ఊళ్లోనే ఎక్కడో ఉండాలని మంజుల లెక్క. దుబాయ్‌ని ఆమె జగిత్యాల అంగడిబజారంత అనుకుందని ప్రమోద్ అనేవాడు.

మొదటి రిమోట్ అన్న మురళీది. పద్నాలుగేళ్లవాడు, కూలివాణ్ణి వాడే నడిపేవాడు. రెండోది పదేళ్ల మంజులది. ‘నువ్వు గద్దవు, రాయి నా మీద పడకుండా జూసుకో’ అన్నాడు అన్న. మంజుల రెండు వేసవి సెలవులు కన్నార్పకుండా చూసుకుంది. రాయి తప్పిపోతే అన్న భుజం తట్టేవాడు. రాయి తగిలి కూలివాడు చస్తే, ‘ఏం గద్దవే నువ్వు’ అని తిట్టేవాడు. ఆమె నిజంగా సిగ్గుపడి, ఇంకోసారి చెయ్యనని ఒట్టు పెట్టుకునేది. అలా ఇద్దరూ కలిసి ఆఖరి గుట్ట దాకా వెళ్లారు. ఆ సంగతి కరామాలో ఆమె దగ్గర కొలతలిచ్చిన ప్రతి ఆడమనిషికీ తెలుసు. చుట్టుకొలత పూర్తయ్యేలోగా చెప్పి తీరేది మరి.

పేరు తెలియని ఆటని అడగడం ఎలాగో ఆమెకి చివరిదాకా చేతకాలేదు. ఒక విల్లాలో రెండు చేతులూ రెక్కల్లా చాపి, గద్దలా తిరిగి, రాయి వేసి చూపించింది. ఆ ఇంటి దొరసాని ముఖం విప్పారింది. మంజులని పెరట్లోకి తీసుకెళ్లి చిలకల పంజరం చూపించింది. అంత ప్రేమగా చూపించాక వద్దనలేక మంజుల అది కొనుక్కొచ్చింది. ఇంకో శుక్రవారం అమెరికా వాళ్లింట్లో సెట్టు ఒకటి దొరికింది. ఇంటికి రాగానే ప్రమోద్ ప్లగ్గు పెట్టాడు. నూట పది ఓల్టుల సామాను రెండొందల ఇరవై తట్టుకోలేక ఫట్‌మని పొగ వదిలింది. ప్లగ్గు పెట్టేముందు ఓల్టుల చీటీ చదవరా అని రోజుకి పదిమంది కుర్రాళ్లని తిట్టే ఫోర్‌మన్, ఆ సాయంత్రం కిటికీ తెరిచి తువ్వాలుతో పొగ విసిరాడు. ఇద్దరం ఇద్దరమే అని మంజులకి ఆ రోజు కాస్త ఊరట కలిగింది.

మొదట్లో ఇదంతా సరదానే. రెండేళ్ల కింద మురళీ ఫొటో స్టూడియో మూతపడ్డాక పంతమైంది. జగిత్యాలలో ఎవరి పెళ్లైనా మురళీ కెమెరా ఉండాల్సిందే అనే రోజులు పోయి, ప్రతివాడి చేతిలోకీ కెమెరా ఫోన్లు వచ్చాయి. స్టూడియోతోపాటు మురళీ నోరు కూడా మూతపడింది. ఫోన్ చేస్తే ‘మంచిగున్న, నువ్వు మంచిగున్నవా, ఇగ పెడ్త’ అని మూడే ముక్కలు. ఇప్పుడు నాలుగు నెలలుగా రెండు గంటల బస్సు దూరంలో, బనియాస్‌లోనే ఉన్నాడు, ఎవరిదో స్టూడియోలో పనికి కుదిరాడు. అంత దగ్గర్లో ఉండి కూడా చెల్లెలింటికి ఒక్క శుక్రవారం రాలేదు. సెలవు లేదనేవాడు. లేనిది సెలవు కాదని మంజులకి తెలుసు. చిన్నప్పుడు రాత్రీ పగలూ వాగి చంపిన అన్న ఏమైపోయాడో ఆమెకి అర్థం కాలేదు. ఆ పసుపు క్యాసెట్టొక్కటి దొరికితే దాంతోపాటు అన్న కూడా తిరిగొస్తాడని ఆమెకొక పిచ్చి నమ్మకం పుట్టింది. బయటికి చెబితే నవ్వుతారని దీన్ని మాత్రం ఎవరి కొలతలప్పుడూ చెప్పలేదు.

అది చివరికి దొరికింది విల్లాలో కాదు, సత్వాలో పాత టీవీలమ్మే దుకాణంలో. జిప్పు రిపేరు కోసం పక్క షాపుకి వెళ్లిన మంజులకి అద్దం వెనక పసుపురంగు కనబడింది. సెట్టుతో సహా కొనేసి, బస్సులో ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఇంటికి చేరకముందే అన్నకి ఫోన్ చేసింది.

“అన్నా, గద్దాట దొరికింది.”

“పసుపుదేనా?”

“గదే.”

“శుక్రవారం అస్త.”

ఆ సాయంత్రం ప్రమోద్ చీటీ రెండుసార్లు చదివి ప్లగ్గు పెట్టాడు. కూలివాడు గుట్ట ఎక్కాడు. మంజుల ప్రమోద్‌కి మొదటి రిమోట్ ఇచ్చి, తన హక్కుగా రెండోది అందుకుని గద్దని పక్కకి తిప్పింది. గద్ద తిరగలేదు. అన్ని మీటలూ నొక్కింది. గద్ద తీరిగ్గా వచ్చి ప్రమోద్ నెత్తిన రాయి వేసి పోయింది. రిమోట్ చెడిపోయిందని ఆమె తేల్చేసింది. ప్రమోద్ దాన్ని విప్పి, మీటర్ పెట్టి, తీగ తీగా చూశాడు.

“రిమోట్ మంచిగనే ఉంది. ఆటలనే ఒక్కరికి జాగ ఉంది మంజులా,” అన్నాడు.

మంజుల కుట్టుమిషను స్టూలు మీద కూలబడింది. రెండు వేసవులు. ఆ గద్ద చేసిన పాపాలన్నిటికీ తను సిగ్గుపడింది, ఒట్లు పెట్టుకుంది, ఒకసారి అన్నం కూడా మానేసింది. ఈ ఊరొచ్చినప్పటినుంచీ వీధి వీధీ వెతికింది తను ఒక్కరోజు కూడా ఆడని ఆట కోసం. కొలతలిచ్చిన ఆడవాళ్లందరి ముఖాలూ వరసగా కళ్లముందు తిరిగాయి. ముందు ఏడుపొచ్చింది, తర్వాత ఒళ్లు మండింది.

శుక్రవారానికి ఇంకా మూడు రోజులున్నాయి. ఆ మూడు రోజులూ ఆమె కుట్టుమిషను ముట్టుకోలేదు. పొద్దున ప్రమోద్ డ్యూటీకి వెళ్లగానే మొదటి రిమోట్ పట్టుకుంటే, అతను తిరిగొచ్చేసరికి బొటనవేళ్లు బొబ్బలెక్కి ఉండేవి. గురువారానికి నాలుగో గుట్ట దాటింది. ఆమె ఎత్తు సిద్ధమైంది. అన్న రాగానే రెండో రిమోట్ అతని చేతిలో పెట్టి, ‘ఈసారి నువ్వు గద్దవు’ అని, ఒక్క మాట మాట్లాడకుండా నాలుగు గుట్టలూ దాటి చూపిస్తుంది. అప్పుడు అతని ముఖం ఎలా మాడిపోతుందో ఊహించుకుని ఒక్కతే నవ్వుకుంది.

మురళీ పదింటికి వచ్చాడు. చిక్కిపోయాడు. ఆపిల్ పళ్ల సంచి తలుపు దగ్గరే పెట్టి, సోఫా అంచున, బస్సులో పక్కవాడికి చోటిచ్చినట్టు కూర్చున్నాడు. ప్రయాణం ఎట్లయిందంటే మంచిగయిందన్నాడు. గది ఎట్లుందంటే మంచిగుందన్నాడు. నాలుగింటి బస్సుకి పోవాలన్నాడు. మంజులకి నోట్లో సిద్ధంగా ఉన్న గద్ద మాట బయటికి రాలేదు. ఊరికే టీవీ పెట్టి, మొదటి రిమోట్ తను తీసుకుంది. రెండోది అతని పక్కన పెట్టింది. అతను దాని వంక ఒకసారి చూసి చూపు తిప్పుకున్నాడు.

అన్న కళ్లముందు తొందరపడి దూకించింది. మూడు రోజుల సాధన ఎటు పోయిందో, కూలివాడు మొదటి గుంతలోనే పడ్డాడు.

“గట్ల కాదే. ముందుగాలనే దుంకొద్దు. అంచు దాక పోయి, అప్పుడు దుంకు,” అన్నాడు మురళీ.

రెండేళ్లలో ఆమె అతని నోట విన్న అతి పెద్ద మాట అది. ఇంతలో కూలివాడికి రెండో ప్రాణం వచ్చింది. ఈసారి వేళ్లు వాటంతటవే ఆడాయి, మొదటి గుంత దాటింది, రెండోదీ దాటింది. మురళీ మెల్లగా వెనక్కి వాలాడు. కాసేపటికి కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాడు. మంజుల ఓరకంట అది చూసింది. మూడో గుంత వచ్చినప్పుడు మీట నొక్కలేదు.

మురళీ సోఫా మీద ముందుకి జరిగాడు. “అరె, నిద్రపోతున్నవా? దుంకమంటే దుంకవేందే?”

ఇక మంజులకి దారి తెలిసింది. మొదటి గుంతలో పడింది. మళ్లీ పడింది. తొందరగా దూకి పడింది, ఆలస్యంగా దూకి పడింది, అసలు దూకకుండా నడుచుకుంటూ పోయి పడింది. పడిన ప్రతిసారీ మురళీ తిట్టాడు, విసుక్కున్నాడు, చేత్తో గాలిలో గుంత కొలిచి చూపించాడు. ఆఖరికి కింద చాప మీదకి దిగి ఆమె పక్కన చేరాడు. అప్పుడే ప్రమోద్ చాయ్ పట్టుకుని వచ్చి టీవీ చూశాడు. అదేంది, నిన్న నాలుగో గుట్ట అంటూ మొదలుపెట్టాడు. మంజుల అతని వంక ఒక్క చూపు చూసి, పెరుగు తెమ్మంది. ఫ్రిజ్‌లో మూడు పెరుగు డబ్బాలున్నాయి. అతను మారుమాట్లాడకుండా చెప్పులేసుకుని నాలుగోది తేవడానికి పోయాడు.

పదమూడో సారి పడ్డాక మురళీ గొంతు తగ్గించాడు.

“మంజులా, గద్ద నువ్వు కాదే.”

“మరెవరు?”

“ఎవ్వరు గాదు. దాని ఇష్టం దానిది. ఆ రెండో రిమోట్ ఉట్టిదే.”

మంజుల వీలైనంత ఆశ్చర్యపోయింది. తన నటన ఆటకన్నా ఘోరంగా ఉందని ఆమెకే తెలిసింది. మురళీ ఆమెను చూడటం లేదు, టీవీని చూస్తున్నాడు. నువ్వు పక్కన లేకపోతే ఆడబుద్ధయ్యేది కాదు, రిమోట్ ఇస్తే నాకంటే మంచిగ ఆడతావేమోనని భయమయ్యేది, అందుకే అట్ల చేసిన అన్నాడు. ఆ రోజు అన్నం తినకుండా పడుకున్నావు చూడు, అది ఇప్పటికీ మనసుల ఉంది అన్నాడు.

మంజుల మళ్లీ గుంతలో పడింది. తల తిప్పితే అతను ఆగిపోతాడని భయం. మురళీ ఆగలేదు. స్టూడియో షట్టర్ తన చేత్తో తనే దించిన రోజు గురించి చెప్పాడు. లైట్లు కొన్నవాడు వాటిని మేకల కొట్టంలో పెట్టుకున్నాడని చెప్పి నవ్వబోయాడు. బనియాస్‌లో కౌంటర్ వెనక నిలబడి పాస్‌పోర్టు ఫొటోలు తీస్తున్నాడు. ఇరవై రెండేళ్ల ముదీరు, అంటే మేనేజరొకడు, అతనికి కెమెరా ఎలా పట్టుకోవాలో చూపిస్తాడు.

“నీ ఇంటికి ఏ ముఖం పెట్టుకొని రావాలె? ఏం చేస్తున్నవు అని బావ అడిగితే ఏం జెప్పాలె? గందుకే రాలె. నీ మీద కోపం కాదే.”

మంజులకి కళ్లు మసకబారాయి. గుంత ఎక్కడుందో కనబడలేదు. ఈసారి నిజంగానే పడింది.

అన్న కోసం వండిన మాంసం కూర చల్లారిపోయింది. ప్రమోద్ పెరుగుతో ఎప్పుడు తిరిగొచ్చాడో ఎవరూ చూడలేదు. మధ్యలో మురళీ జగిత్యాల పెళ్లి ఫొటోల కథలు మొదలుపెట్టాడు. కరెంటు పోయిన మండపంలో ట్రాక్టర్ లైట్లు పెట్టి తలంబ్రాలు తీసింది చెబుతుంటే ప్రమోద్ కూడా కింద కూర్చుని విన్నాడు. నాలుగింటి బస్సు పోయింది. ఐదింటిదీ పోయింది. మంజుల గడియారం వైపు చూడలేదు, ఎవరినీ చూడనివ్వలేదు.

వెళ్లేటప్పుడు గడప దగ్గర చెప్పులేసుకుంటూ మురళీ చెల్లెలి వంక జాలిగా చూశాడు.

“మళ్లొచ్చే శుక్రవారం అస్త. అప్పటిదాకన్న ఆ ఒక్క గుంత దాటుడు నేర్చుకో.”

“ఒక్క వారంల యాడొస్తదన్నా,” అంది మంజుల. “నాకు మస్తు శుక్రవారాలు పడ్తయి.”