బేరితోటలో మిగిలిపోయిన ఫ్లాస్కు

నేను ఒక స్టీలు ఫ్లాస్కును. లీటరు చాయ్ పడుతుంది. నన్ను చేసినవాళ్లు ఒక గోడ లోపల ఇంకో గోడ పెట్టి, మధ్యలోని గాలి పీల్చేసి అతికేశారు. ఆ ఏమీలేనితనమే నా బలం. పోసిన వేడి పన్నెండు గంటలు చల్లారదు. మనుషుల్లో కొందరిది ఇంతకన్నా గట్టి తయారీ. వాళ్లలో పోసింది పాతికేళ్లకు కూడా చల్లారదు. అలాంటి మనిషి చేతిలోనే నా బతుకు గడిచింది.

నన్ను కోఠీలో కొన్నది సత్తయ్య. దేవరకొండ డిపోలో బస్సు డ్రైవరు. రెండేళ్లు నన్ను సీటు పక్కన పెట్టుకుని తిరిగాడు. ఓ రోజు కడిగి, తుడిచి, కూతురు పారిజాత చేతిలో పెట్టాడు.

"లైబ్రరీల చాయ్ దొరకదంటివి గద బిడ్డా, పట్కపో."

పారిజాత అప్పుడు హైదరాబాదులో జర్మన్ భాషలో పరిశోధన చేస్తోంది. రెండువందల ఏళ్ల కిందట బిర్న్‌హోఫ్ అనే చిన్న రాజభవనంలో పనిచేసిన ఒక తోటమాలి రాసుకున్న డైరీ ఆమెకు దొరికింది. బేరిచెట్లు, మంచు, పిసినారి దొర, ఇవే అందులోని సంగతులు. దాన్ని తెలుగులోకి తేవడానికి మూడేళ్లు పట్టింది. ఒక్క మాట కోసం వారం తిరిగేది. "నాయినా, పూత సలికి మాడిపోతే మనోళ్లేమంటరు?" అని ఇంటికి ఉత్తరాలు రాసేది. ఆరు నోటుబుక్కులు నిండాయి. నేను ఆ మూడేళ్లూ ఆమె మోచేతి పక్కనే ఉన్నాను.

ఆమె పరిశోధనను చూసే ఆచార్యుడు భుజంగరావు. మొదటి రోజే, "నీ తెలుగే సరిగ్గా ఏడవలేదు, జర్మన్ నుంచి ఏం తెస్తావమ్మా?" అన్న పెద్దమనిషి. ఓసారి చూసి ఇస్తానని ఆ నోటుబుక్కులు ఇంటికి పట్టుకెళ్లాడు. ఎనిమిది నెలలైనా ఇవ్వలేదు. ఆమె మూడుసార్లు ఇంటికి వెళ్తే గేటు దగ్గర నుంచే పంపేశాడు. చివరికి చెదలు తినేశాయన్నాడు.

మరుసటి ఏడు పుస్తకం వచ్చింది, ఆయన పేరుతో. చెదలు అట్టలేసి మరీ అచ్చు వేయించాయి కాబోలు. దానికి బహుమతి కూడా వచ్చింది. సత్తయ్య ఒక ప్రతి కొనుక్కొచ్చి అట్ట మీద చూశాడు, లోపల చూశాడు, వేలు పెట్టి ఒక్కో పేజీ తిప్పాడు.

"నీ పేరు యాడున్నది బిడ్డా?"

ఆమె పుస్తకం మూసేసింది. పరిశోధన మానేసింది. నాలుగు చోట్ల జర్మన్ పాఠాలు చెప్పి, ఏదో కంపెనీ పని మీద జర్మనీలోని డ్రెస్డెన్ చేరి, ఆ కంపెనీ మూతపడ్డాక సొంతంగా ఒక కారు కొంది. కారులో ఇద్దరు ముగ్గురిని ఎక్కించుకుని ఒక్కరోజులో రాజభవనాలు, పాత పట్నాలు చూపించి తెచ్చే పని. తండ్రి బస్సులో ఉన్నట్టే నేను ఈ కారులోనూ ముందు సీటు పక్కన ఉండేదాన్ని.

ఒక మే నెలలో ఆమె ఫోనుకు బుకింగ్ వచ్చింది. 'ఆచార్య భుజంగరావు, సతీమణి. తెలుగు తెలిసిన డ్రైవరు కావాలి. బిర్న్‌హోఫ్ తప్పనిసరి.' ఆమె చాయ్ పోసుకుని తాగడం మరిచిపోయింది. తర్వాత పదకొండు రోజులు ఖాళీ కారులో తనలో తానే మాట్లాడుకుంది. తలుపులకు తాళం వేస్తుందట. హైవే మీద గంటకు నూట ముప్ఫైలో పోనిస్తూ ఆరు నోటుబుక్కుల కథా చెబుతుందట. ఆయన దిగలేడు, చెవులు మూసుకోలేడు.

ఆ ఉదయం హోటలు ముందు ఆయన ఆమెను చూసి, "ఏమ్మా, తెలుగమ్మాయివేనా?" అన్నాడు. అంతే. ముఖంలో జ్ఞాపకం నీడైనా లేదు. ఆమె చెయ్యి నా మెడ మీద బిగుసుకుంది.

మోరిట్జ్‌బుర్గ్‌లో చెరువు మధ్య పసుపు రంగు భవనం. గోడల నిండా జింక కొమ్ములు. ఆయన భార్య రాజ్యలక్ష్మికి ఆ కొమ్ముల చరిత్రంతా తప్పుగా చెప్పాడు. మైసెన్‌లో చర్చి గోపురం నుంచి పింగాణీ గంటలు మోగుతుంటే ఆయన నాలోని చాయ్ తాగి, "పంచదార తక్కువైంది" అన్నాడు. పారిజాత నా మూత బిగించింది. వెనకసీట్లో రాజ్యలక్ష్మి మాత్రం అద్దంలోంచి ఆమె ముఖాన్నే చూస్తోంది.

మైసెన్ దాటి హైవే ఎక్కారు. తలుపులకు తాళం పడింది. పారిజాత నోరు తెరవబోతుండగా ఆయనే అందుకున్నాడు.

"చూడమ్మా, బిర్న్‌హోఫ్‌లో నా పుస్తకం అద్దాలపెట్టెలో పెట్టారు. వాళ్లు నాతో మాట్లాడాలంటున్నారు. నా జర్మన్ కొంచెం తుప్పు పట్టింది. నేను తెలుగులో చెబుతాను, నువ్వు వాళ్ల భాషలో చెప్పాలి. ఒక్క మాట తేడా రాకూడదు సుమా."

పారిజాత అద్దంలో ఆయన్ని చూసింది.

"రాదు సార్," అంది. నోటుబుక్కుల కథ పక్కన పెట్టి కారును బిర్న్‌హోఫ్ వైపు పోనిచ్చింది.

బిర్న్‌హోఫ్ అడవి అంచున రెండంతస్తుల భవనం. వెనక బేరితోట. భవనాన్ని చూసుకునే లిండ్నరమ్మకు డెబ్బై ఏళ్లుంటాయి. తోటలో బెంచీ పక్కన బల్ల వేసి, కేకు పెట్టి, పుస్తకాన్ని అద్దాలపెట్టెలోంచి తీసి తెచ్చింది. ఊరివాళ్లు పదిమంది దాకా వచ్చారు. పారిజాత నన్ను బెంచీ మీద పెట్టి ఆయన పక్కన నిలబడింది.

లిండ్నరమ్మ సంబరంగా ఏదో అడిగింది. పారిజాత తెలుగులో చెప్పింది. "ప్రతి మే నెలలోనూ ఆ ముగ్గురూ వచ్చి నా పూతంతా కాల్చిపోతారని తోటమాలి రాస్తాడు. ఆ ముగ్గురినీ మీ భాషలో ఏమన్నారు? ఎన్నేళ్లుగానో మిమ్మల్ని అడగాలనుకుంటున్నాను, అంటున్నారు."

భుజంగరావు గొంతు సవరించుకున్నాడు. "ఆ ముగ్గురూ ఫ్రెంచి సైనికులు. తోటలు తగలబెట్టడానికి వచ్చేవాళ్లు. నేను వాళ్లని సైనికులనే అనువదించాను."

ఆమె ఇప్పుడు ఆయన్ని కాపాడవచ్చు. ఒక్క మాట మార్చితే చాలు. మార్చలేదు. పొల్లు పోకుండా, నెమ్మదిగా, అందరికీ వినబడేలా జర్మన్‌లో చెప్పింది.

ఎవరో ముసలాయన కిసుక్కున నవ్వాడు. లిండ్నరమ్మ, "సైనికులా?" అని మళ్లీ అడిగింది. మే నెలలో చివరి మంచు కురిసే రోజుల్ని వాళ్లు ముగ్గురు సాధువుల పేర్లతో పిలుస్తారు. అక్కడ పలక పట్టిన పిల్లకైనా తెలుసు ఆ సంగతి.

"సలిదేవర్లు," అంది పారిజాత తెలుగులో, ఆయన వైపు తిరిగి. "నేను రాసిన మాట. మా నాయిన ఉత్తరంల రాసి పంపిండు. నువ్వు 'చలిదేవరలు' అని దిద్దినవు. నూట పద్నాలుగో పేజీ. దిద్దినవు గని సదవలే."

ఆ మాటలే మళ్లీ జర్మన్‌లో చెప్పింది. ఒక్క మాట తేడా రాలేదు.

భుజంగరావు ముఖం కందిపోయింది. "ఎవరు నువ్వు? ఏ బ్యాచి?"

ఆమెను నిజంగా కోసింది అదే. పాతికేళ్లు తను మోసిన మనిషి తనను ఒక్కరోజైనా మోయలేదు. పదకొండు రోజులు కూడబెట్టిన మాటల్లో ఒక్కటీ రాలేదు.

అప్పుడు రాజ్యలక్ష్మి లేచింది. "పారిజాత. మూడుసార్లు మన గేటు దగ్గరికి వచ్చింది. నేను కిటికీలోంచి చూశాను. చెదలు తిన్నాయన్న పుస్తకాలు నా పట్టుచీరల కింద ఉన్నాయి. తగలెయ్యమన్నారు మీరు. నాకు చేతులు రాలేదు, నోరూ రాలేదు." పారిజాత వైపు తిరిగింది. "నాదీ తప్పే. ఊరికి వెళ్లగానే పంపిస్తాను. పదమ్మా, పోదాం."

"పోదాం ఏమిటి? మరి నేను?" అన్నాడు ఆయన.

"బస్సు ఎక్కడ దొరుకుతుందో కనుక్కోండి. మీకు జర్మన్ వచ్చు కదా."

ఇద్దరూ కారెక్కారు. ముందు సీట్లో రాజ్యలక్ష్మి కూర్చుంది. ఆ హడావిడిలో నన్ను మరిచారు. బెంచీ మీద నేను, నా పక్కన ఆయన.

ఊరివాళ్లు ఒక్కరొక్కరే వెళ్లిపోయారు. ఆయన నా మూత తిప్పబోయాడు. అది కాస్త నొక్కి తిప్పితేగాని రాదు. ఎలా తిప్పాలో అడగడానికి ఆయనకు ఆ భాష రాదు. రెండు గంటల తర్వాత లిండ్నరమ్మ జాలిపడి టాక్సీ పిలిచింది. ఆయన నన్ను చూడకుండానే ఎక్కాడు.

నోటుబుక్కులు జూన్‌లో బిర్న్‌హోఫ్‌కే వచ్చాయి. వెంట లిండ్నరమ్మ పేర భుజంగరావు ఉత్తరం కూడా వచ్చింది, అద్దాలపెట్టెలో చిన్న అక్షరాల్లోనైనా 'సంపాదకుడు' అని తన పేరు ఉంచమంటూ. లిండ్నరమ్మ దాన్ని పారిజాతకు ఇచ్చి, జవాబు తెలుగులో రాయమంది. పారిజాత కార్డు తీసుకుని 'ఉంచం' అని ఒక్క మాట రాసింది.

పారిజాత నన్ను లిండ్నరమ్మకే వదిలేసింది, నేనిప్పుడు ఈ భవనం వంటింట్లో ఉంటున్నాను. నాలోపల ఎక్కడో గాలి చొరబడింది, చాయ్ అరగంటలో చల్లారిపోతుంది. లిండ్నరమ్మ నాలో చెంచాలు వేస్తోంది. పగ తీరితే మనిషి లోపల బోలు అవుతుందని, చేదే మిగులుతుందని పెద్దలు చెబుతుంటారు. ఏమో. అద్దాలపెట్టెలో తన పేరు పెట్టిన రోజు పారిజాత ఈ వంటింటి బల్ల దగ్గరే కూర్చుని బేరిపండ్ల కేకు రెండు ముక్కలు తిన్నది. పళ్లెం వేలితో తుడిచి, "ఇంకొకటి ఉందా?" అని అడిగింది.